పౌరహక్కుల ఉద్యమకారుల జ్ఞాపకాలు: రికార్డు చేసేటప్పుడు తప్పిన తేదీలను ఏం చేయాలి?

ప్రశ్న (విద్యానగర్ వాసి):

డెబ్బై, ఎనభై దశకాల్లో పౌరహక్కుల సంఘంలో పనిచేసిన పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. కన్నబిరాన్, బాలగోపాల్ వంటి వారి రచనలు అచ్చులో ఉన్నాయి కానీ, వారితో పాటు నిజనిర్ధారణకు ఊళ్లు తిరిగి, కరపత్రాలు పంచి, కోర్టు వరండాల్లో నిలబడిన వారి మాట చాలావరకు నమోదు కాలేదు. అందుకే హైదరాబాదులో ఉన్న అలాంటి పెద్దలతో మేం కొందరం మిత్రులం సంభాషణలు రికార్డు చేస్తున్నాం. ఇటీవల ఒక పెద్దాయన, 1985 సెప్టెంబరులో వరంగల్‌లో పౌరహక్కుల సంఘం నాయకుడు డాక్టర్ రామనాథం హత్య జరిగిన తర్వాతే భార్గవ కమిషన్ విచారణ నడిచిందని ఎంతో నమ్మకంగా చెప్పారు. నిజానికి ఆ కమిషన్ అత్యవసర పరిస్థితి నాటి ఎన్‌కౌంటర్ల మీద 1977లోనే ఏర్పాటైంది. ఇలాంటి చోట ఆయన మాటను సరిదిద్దాలా, అలాగే వదిలేయాలా? బతికున్న వారి పేర్లు వచ్చినప్పుడు ఏం చేయాలి?

జవాబు 1 (చరిత్ర అధ్యాపకురాలు):

దయచేసి రికార్డు మీద చెయ్యి వేయకండి. ఇటలీలోని తెర్ని పట్టణంలో లుయిజీ త్రస్తుల్లి అనే ఉక్కు కార్మికుడు 1949లో నాటో వ్యతిరేక ప్రదర్శన సందర్భంగా పోలీసుల చేతిలో చనిపోగా, చాలామంది కార్మికులు ఆ మరణాన్ని 1953 నాటి ఉద్యోగాల తొలగింపు గొడవలకు ముడిపెట్టి చెప్పారు. పరిశోధకుడు అలెస్సాండ్రో పోర్తెల్లి ఆ పొరపాటునే పట్టుకుని, వాళ్ల మనసులో ఏ గాయం ఎక్కడ మిగిలిందో వెలికితీశారు. రామనాథం గారిని ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. అంతటి ఘోరం మీద ఎవరో ఒకరు విచారణ జరిపే ఉండాలని మీ పెద్దాయన మనసు కోరుకుని ఉండవచ్చు. అది నా ఊహ మాత్రమే. మొదటి విడతలో అడ్డు తగలకుండా వినండి. రెండో విడతలో నాటి పత్రికల కత్తిరింపులు ఆయన చేతికిచ్చి మళ్లీ అడగండి. రెండు మాటలూ ఉంచి, తేదీల తేడాను రాతప్రతిలో అడుగున వేయండి.

ఇంట్లోని స్త్రీలతోనూ మాట్లాడండి. తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల జ్ఞాపకాలను స్త్రీశక్తి సంఘటన సేకరించి, 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా తెచ్చింది ఈ నగరం నుంచే కదా. నేను వెళ్లిన ఒక ఇంట్లో, నిజనిర్ధారణ బృందంలో ఎవరెవరున్నారో భర్త తడుముకుంటుండగా, వంటింటి గుమ్మంలో నిల్చున్న ఆయన భార్య ఆ రాత్రి ఎవరు ఎక్కడ పడుకున్నారో, ఎవరి చెప్పు తెగితే తాను పిన్నీసు పెట్టి ఇచ్చారో వరసగా చెప్పుకొచ్చారు.

జవాబు 2 (న్యాయవాది):

పేర్ల విషయంలో అమెరికాలోని బోస్టన్ కాలేజీ అనుభవం తెలిసి ఉండాలి. ఉత్తర ఐర్లండ్ సాయుధ సంస్థల మాజీ సభ్యులతో 2001 నుంచి రికార్డు చేసిన సంభాషణలను వారు బతికుండగా బయటపెట్టబోమని చెప్పారు. ఆ టేపులు ఇమ్మని 2011లో సమన్లు వచ్చాయి. కోర్టుల్లో పోరాడినా కొన్ని టేపులు పోలీసులకు చేరాయి. కాబట్టి ‘ఎవరికీ ఇవ్వం’ అని మాటివ్వకండి. కేసులేమైనా నడుస్తున్నాయేమో ముందే అడగండి. అనుమతి పత్రం తెలుగులోనే రాసి, చదివి వినిపించి, ఏ భాగాన్ని ఎన్నేళ్లు మూసి ఉంచాలో వారి చేతే రాయించండి. బతికున్న మనిషికి ముప్పు తెచ్చే సంగతిని అసలు రికార్డు చేయకపోవడమే మంచిది.

జవాబు 3 (గ్రంథాలయ ఉద్యోగి):

మూలప్రతిని కుదించని వ్యావ్ (WAV) ఆడియో ఫైలుగా ఉంచి, వినడానికి ఎంపీ3 వాడండి. మూడు ప్రతులు తీసి, ఒకటి వేరే చోట పెట్టండి. 2000 ఆగస్టు వరదలో బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోకి నీళ్లొచ్చి అరుదైన పుస్తకాలు తడిసిపోయాయి. రాసేటప్పుడు ‘పోయినం’ అన్న మాటను ‘వెళ్లాము’ అని మార్చకండి. అమెరికా పౌరహక్కుల ఉద్యమకారుల కోసం 2009 నాటి చట్టం కింద లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, స్మిత్‌సోనియన్ సంస్థ కలిసి చేసిన వీడియోలు, వాటి రాతప్రతులు అంతర్జాలంలో ఉన్నాయి. ప్రశ్నలు అడిగే తీరు చూడండి.

ప్రశ్నించినవారు:

కత్తిరింపులతో మళ్లీ వెళ్తాం. వారి శ్రీమతిగారినీ మాట్లాడమని కోరతాం. విన్న తర్వాత కొంత భాగం తీసేయమంటే?

జవాబు (న్యాయవాది):

తీసేయండి, ఆ మాట వారిది. అయితే ఎన్ని నిమిషాలు, ఎవరి కోరిక మీద తొలగించారో రాతప్రతిలో రాసిపెట్టండి. లేకపోతే ఆ కత్తిరింపు మీరే చేశారని తర్వాత వినేవారు అనుకుంటారు.