అప్‌డేట్: డుబ్రోవ్నిక్‌లో మా ఒక్క రోజు

క్రూయిజ్ ఓడ క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్‌లో ఆగే 8 గంటల్లో ముందుగా కోటగోడలు ఎక్కాలా, కేబుల్ కారులో సర్జ్ కొండకు వెళ్లాలా అని కిందటి నెల ఇక్కడ అడిగాను. ఎండ ముదరకముందే గోడలు ఎక్కేయమన్న వారందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

ఓడ ఆగింది పాతనగరం పక్కన కాదు, సుమారు 3 కిలోమీటర్ల దూరంలో ఉన్న గ్రూజ్ రేవులో. అక్కడ సిటీ బస్సు ఎక్కి పాతనగరంలోకి వెళ్లే పిలే ద్వారం దగ్గర దిగి, టికెట్ కౌంటర్ తెరిచిన కాసేపటికే గోడపైకి చేరుకున్నాం. చుట్టుకొలత 1,940 మీటర్లే అయినా మెట్లు ఎక్కువ, నీడ తక్కువ; పైగా అందరూ ఒకే దిశలో నడవాలి. మోకాళ్ల నొప్పి ఉన్న మా అమ్మ మధ్యమధ్య ఆగుతూ నడిచినందున మాకు రెండున్నర గంటలు పట్టింది. అలా ఆగినప్పుడే కింది ఇళ్ల కప్పులను తీరిగ్గా చూశాం: వెలిసిపోయిన పాత పెంకుల పక్కనే, 1991-92లో యుగోస్లావ్ సైన్యం ఈ నగరాన్ని ముట్టడించినప్పుడు దెబ్బతిన్న కప్పులపై తర్వాత పరచిన కొత్త పెంకులు ఎర్రగా మెరుస్తున్నాయి. ఆ తేడా చూశాక అమ్మ చాలాసేపు మాట్లాడలేదు.

తర్వాత 1317 నాటి ఔషధశాల ఉన్న ఫ్రాన్సిస్కన్ మఠానికి వెళ్లాం. కేబుల్ కారు మానుకున్నాం, అందుకు విచారం లేదు. తిరుగు బస్సుల దగ్గర రద్దీ విపరీతం. ఓడ ఎక్కాల్సిన సమయానికి గంటన్నర ముందే పిలే నుంచి బయలుదేరండి.