తాతగారి రెండు గొట్టాల తుపాకి, చెమ్మ గోడల ఇల్లు: తుప్పు గీకేయవచ్చా?

పొలంగట్టు కొత్తవాడు:

అందరికీ నమస్కారం. ఇంటి నుంచే పనిచేసుకునే వీలు దొరకడంతో ఆరు నెలల కిందట పొలాల మధ్య ఉన్న మా పాత ఇంటికి వచ్చేశాం. తాతగారి తుపాకి కాగితాలు ఈ మధ్యే నా పేరు మీదికి మారాయి. 12 బోర్ (గొట్టం సైజు అది), రెండు గొట్టాలు పక్కపక్కన ఉండే రకం. నా అనుభవమంతా క్లబ్బులో రెండేళ్లు ఎయిర్ రైఫిల్ కాల్చడమే. కాబట్టి తెలివితక్కువ ప్రశ్నలైతే ఏమీ అనుకోకండి.

తుపాకి ఇన్నాళ్లూ తోలు సంచిలోనే ఉండిపోయింది. బయటికి తీసి చూస్తే గొట్టాల మీద చుక్కలు చుక్కలుగా ఎర్రటి మచ్చలు. కుందా, అంటే భుజానికి ఆనించే చెక్క భాగం, దాని మెడ దగ్గర నల్లబడింది, గోరుతో నొక్కితే కొంచెం దిగుతోంది కూడా. ఇంటి గోడలకు వానాకాలంలో చెమ్మ ఎక్కుతుంది.

ఇసుక కాగితంతో తుప్పు గీకేసి, కొత్తగా నల్లరంగు పట్టిద్దామని ఉంది. ఇంకా మొదలుపెట్టలేదు. సరైన పనేనా? ఎక్కడ దాచాలి? అన్నట్టు, దీన్ని కాల్చవచ్చా? ఇప్పటి తూటాలు రెండు పెట్టి చూశాను, చక్కగా కూర్చున్నాయి.

గురి తప్పనోడు:

బ్రదర్, పెద్ద టెన్షన్ పడే పనేం లేదు. 400 నంబరు కాగితం, తర్వాత 800, ఆ తర్వాత సీసాలో దొరికే బ్లూయింగ్ ద్రావణం, అదే ఉక్కుకు నల్లరంగు పట్టించేది, దూదితో రాయండి. ఒక సాయంత్రం పని. పైన నూనె దిట్టంగా పట్టించి, మూతికి దూది కుక్కి మూల నిలబెట్టండి. నేను నాదాన్ని అలాగే ఉంచుతాను, ఏమీ కాలేదు.

పాత ఇనుము:

కాగితం కింద పెట్టండి బాబూ. ఇంకా మొదలుపెట్టలేదన్నారు, అదే పదివేలు.

నేను తుపాకి పట్టి 37 ఏళ్లు. ఒకప్పుడు నా దగ్గర పద్నాలుగు ఉండేవి, ఇప్పుడు ఐదే. పల్లెకు మకాం మార్చాక నేనే తగ్గించుకున్నాను. నెలకోసారైనా ఒక్కోదాన్నీ వెలుతురులోకి తెచ్చి చూసుకోలేకపోతున్నప్పుడు ఎన్ని ఉండి ఏం లాభం? ఇన్నేళ్లలో చెడిపోయిన తుపాకులు చాలానే చూశాను. పట్టించుకోక చెడినవి కొన్నే, బాగుచేయబోయి చెడగొట్టినవే ఎక్కువ. వాటిలో ఒకటి నా పనితనమే. నేను మొదట కొన్నది బెల్జియంలో చేసిన రెండు గొట్టాల తుపాకి. గొట్టాలు మిలమిలలాడాలని మూడు సాయంత్రాలు కాగితం పట్టాను. మిలమిలలాడాయి. గొట్టాల అడుగున గుడ్డు ఆకారపు చిన్న ముద్ర ఒకటి ఉండేది. లోపల ఇ, ఎల్, జి అక్షరాలు, వాటి కింద నక్షత్రం. బెల్జియంలోని లియేజ్‌లో గొట్టాలను పరీక్షించి కొట్టే ముద్ర అది. దాన్ని కూడా సగం అరగదీశాను. అది ఏమిటో నాకు తెలిసింది తర్వాత నాలుగేళ్లకు, అమ్మబోయినప్పుడు. కొనడానికి వచ్చిన పెద్దాయన భూతద్దం పెట్టి చూసి, మాట్లాడకుండా తిరిగిచ్చేశాడు.

ఇక మీ తుప్పు సంగతి. గొట్టం మీది నల్లరంగు పెయింటు కాదు, అదీ ఇనుప ఆక్సైడే. ఎర్ర తుప్పు పొరలు పొరలుగా రాలుతూ, చెమ్మ పట్టి ఉంచి లోపలికి తింటూ పోతుంది. నల్లది పలచగా, గట్టిగా ఉక్కును అంటిపెట్టుకుని ఉంటుంది. మీరు తీయాల్సింది మొదటిది, కాపాడాల్సింది రెండోది. ఇసుక కాగితానికి ఆ తేడా తెలియదు. మచ్చల మీద పలచటి నూనె రాసి ఒక రాత్రి వదిలేయండి. పొద్దున నాలుగు సున్నాల ఉక్కు పీచు, అంటే అన్నిటికన్నా సన్నది, నూనెలో ముంచి రెండు వేళ్లతో మెల్లగా రుద్దండి. నూనె ఎర్రబడుతుంది. తుడవండి, మళ్లీ చేయండి. గోటికి గరుకు తగలకపోతే ఆపేయండి. కాస్త గోధుమరంగు నీడ మిగిలితే మిగలనివ్వండి, అది దాని వయసు. వంటనూనెలు మాత్రం వద్దు. అవి ఆరి జిగురులా గట్టిపడి లోపలి మరను పట్టేస్తాయి.

నన్ను అడిగితే మీకు అసలు సమస్య తుప్పు కాదు, ఆ చెక్క. మెత్తబడిందంటే ఏళ్ల తరబడి నూనె తాగిందని అర్థం. నూనె దిట్టంగా పోసి కుందా కిందికి వచ్చేలా నిలబెడితే, ఆ నూనె ఇనుములోంచి మెల్లగా చెక్కలోకి దిగుతుంది. కాల్చినప్పుడు వెనక్కి తన్నే దెబ్బంతా పడేది సరిగ్గా ఆ మెడ మీదే, అక్కడే చీలుతుంది. పైపైన ఉంటే సుద్దపొడి, అసిటోన్ కలిపిన ముద్ద పట్టించి ఆరనిస్తే నూనెను పైకి లాగుతుంది, పలుమార్లు చేయాలి. గోరు దిగేంత అంటున్నారు కాబట్టి మీరు చేయకండి, పనివాడికి ఇవ్వండి. నేనైతే తుపాకులను మూతి కిందికి పెట్టి నిలబెడతాను, కింద ఒక ఫెల్టు ముక్క వేసి. చూసేవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

చెక్క మాట వచ్చింది కాబట్టి ఒకటి. చెక్కకు అవిసె నూనె పడితే ఆ గుడ్డను ఉండచుట్టి మూల పారేయకండి. ఆరేటప్పుడు ఆ నూనె వేడిని పుట్టిస్తుంది, ఉండలో ఆ వేడి బయటికి పోలేక గుడ్డ దానంతటదే అంటుకుంటుంది. మా కొట్టంలో ఒక మధ్యాహ్నం బక్కెట్టులోంచి పొగ వస్తుంటే నా భార్య చూసింది కాబట్టి సరిపోయింది. అప్పటి నుంచి గుడ్డలు తీగ మీద పరిచి ఆరేస్తున్నాను, ఆమె వచ్చి లెక్కపెట్టి వెళ్తుంది.

తోలు సంచిలోంచి ఈరోజే తీసేయండి. తోలు చెమ్మ పీలుస్తుంది, దాన్ని పదును చేసిన లవణాలు ఇనుమును తింటాయి. సంచి మోసుకెళ్లడానికే. దాచడానికి తాళం ఉన్న ఇనుప బీరువా, చెమ్మ ఎక్కని లోపలి గోడకు, నేలకు నాలుగు వేళ్లు ఎత్తులో. లోపల ఒక తేమ కొలిచే మీటరు పెట్టండి. 50 శాతం దగ్గర ఉంటే చెక్కకూ ఇనుముకూ మంచిదే. బాగా తగ్గితే చెక్క బీటలు వారుతుంది, పెరిగితే ఎర్ర మచ్చలు. సిలికా జెల్ పొట్లాలు పనిచేస్తాయి గానీ అవి నిండిపోతాయని చాలామందికి గుర్తుండదు. వేడిచేసి ఆరబెట్టి మళ్లీ పెట్టాలి. తూటాలు వేరే తాళంలో.

దూది సంగతి. గురి తప్పనోడు గారూ, ఏమీ అనుకోకండి, అది మాన్పించాలి. దూది తడిని పట్టుకుంటుంది, మూతి లోపల ఉంగరంలా తుప్పు వస్తుంది. మరిచిపోయి కాలిస్తే గొట్టం ఉబ్బవచ్చు, చీలవచ్చు. పల్లెల్లో దూది లేకపోయినా గొట్టాన్ని మూసేవాళ్లు ఉన్నారు. నేను ఇక్కడికి వచ్చిన మొదటి వేసవిలో వరండాలో కడిగి ఆరబెట్టిన తుపాకిని రెండు రోజులు అక్కడే వదిలేశాను. మూడో రోజు వెనక నుంచి చూస్తే కుడి గొట్టంలో వెలుతురు లేదు. కందిరీగ, మట్టితో గూడు కట్టింది. చక్కటి పనితనం. అది చూడకుండా తూటా పెట్టి ఉంటే ఈ జవాబు ఎడమ చేత్తో టైపు చేసేవాణ్ని. ఇప్పుడు పది నిమిషాలు పక్కన పెట్టి మళ్లీ తీసినా గొట్టంలోంచి వెలుతురు చూడందే తూటా ముట్టను.

కాల్చవచ్చా అన్నారు. ఇప్పటికి వద్దు. పైగా ఇంట్లో నిజం తూటాలు పెట్టి చూడడం ఇంకెప్పుడూ వద్దు, దానికి డమ్మీ తూటాలు దొరుకుతాయి. చక్కగా కూర్చున్నాయన్న మాటే నన్ను భయపెట్టింది. పాత 12 బోర్లలో చాలావాటికి ఛాంబరు, అంటే గొట్టంలో తూటా కూర్చునే చోటు, 65 మిల్లీమీటర్లు. ఇప్పటివి ఎక్కువగా 70. తూటా మీద రాసే పొడవు కాల్చాక మూతి విచ్చుకున్న తర్వాతి పొడవు. కాల్చకముందు అది మడతపెట్టి ఉంటుంది కాబట్టి పొట్టి ఛాంబరులో కూడా హాయిగా కూర్చుంటుంది. కాల్చినప్పుడు విచ్చుకోవడానికి చోటు చాలక దారి ఇరుకవుతుంది, ఒత్తిడి పెరుగుతుంది. గొట్టాల మీద మెలికలు తిరిగిన చారలు కనిపిస్తున్నాయా? కనిపిస్తే అవి ఇనుమూ ఉక్కూ కలిపి పేని చుట్టిన గొట్టాలు, ఎక్కువగా పాతకాలపు నల్ల తుపాకిమందు (బ్లాక్ పౌడర్) నాటివి. పొగరాని మందుకు, అంటే ఇప్పటి తూటాల్లో ఉండే తుపాకిమందుకు, పరీక్షించిన ముద్ర లేకపోతే అది గోడకు వేలాడదీయడానికే. గొట్టాలు విప్పి అడుగున ఉన్న ముద్రలన్నీ ఫొటో తీసి, కొలిచే పనిముట్లు ఉండి తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్‌కు చూపించండి.

గురి తప్పనోడు:

పాత ఇనుము గారూ, మీరు చెప్పేది మ్యూజియంకి. మాలాంటివాళ్లం వాడుకునేవాళ్లం సార్. తుపాకి అన్నాక నల్లగా నిగనిగలాడాలి. కొత్త బ్లూయింగ్ వేయిస్తే తప్పేంటి?

పాత ఇనుము:

తప్పేం లేదు. వేలల్లో తయారైన రైఫిలు, రంగంతా పోయి, ముద్రలు లోతుగా ఉంటే నేనూ వేయిస్తాను. నా ఐదింటిలో ఒకటి అలాంటిదే, జర్మన్ రైఫిలు మౌజర్ 98. 1898 నాటి డిజైను, బోల్టు పక్కన ఉండే ఆ పొడవాటి పంజా తూటా అంచును మొదటి నుంచే పట్టుకుంటుంది, అది చూడడానికే నేను బోల్టు ఊరికే ఆడిస్తుంటాను. నాకంటే ముందు అది ఉన్నవాడు పాత సైనిక తూటాలు కాల్చి, తర్వాత శ్రద్ధగా నూనె రాసి దాచాడు. పాత ప్రైమర్లలో, అంటే తూటా అడుగున మందును అంటించే చిన్న మూతల్లో, పొటాషియం క్లోరేట్ ఉండేది, కాలాక మిగిలేది పొటాషియం క్లోరైడు, ఉప్పు లాంటిదే. ఉప్పు నూనెలో కరగదు కదా! గొట్టం లోపల నూనె కిందే తుప్పు తినేసింది. వేడినీళ్లు పోసి కడిగి, ఆరాక నూనె రాస్తే బతికేది. దానికి రంగు వేయించాను, ఏ బాధా లేదు.

కానీ రెండు గొట్టాల తుపాకిని మామూలు వేడి బ్లూయింగ్ తొట్టిలో ముంచకూడదు. గొట్టాలనూ మధ్య పట్టీనీ కలిపింది మెత్తటి సోల్డరు. ఆ తొట్టిలోని క్షారం దాన్ని తినేస్తుంది, పట్టీ ఊడి వస్తుంది. వాటికి పాతకాలపు పద్ధతే. కావాలని సన్నగా తుప్పు పట్టించి, నీళ్లలో మరిగిస్తే ఎర్రది నల్లగా మారుతుంది, దువ్వి మళ్లీ పట్టించడం, అలా ఎన్నో సార్లు. చేసేవాడు తెలిసినవాడై ఉండాలి.

పది మీటర్ల పిల్ల:

సార్, నాది స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్, ఫోం పెట్టెలోనే ఉంచుతున్నాను. అదీ తప్పేనా? వారానికోసారి గాలి రంధ్రంలో రెండు చుక్కలు మిషను నూనె కూడా వేస్తున్నాను.

పాత ఇనుము:

ఫోం కూడా చెమ్మ పట్టుకుంటుందమ్మా, ప్రయాణానికే వాడండి. నూనె మాత్రం వెంటనే ఆపండి. స్ప్రింగు కొట్టినప్పుడు గాలి ఒక్కసారిగా నలిగి వేడెక్కుతుంది, ఆ వేడికి నూనె అంటుకుంటుంది. డీజిల్ ఇంజిను పనిచేసేది అలాగే. చప్పుడు పెరిగింది, పవర్ పెరిగింది అని సంబరపడతారు, లోపల సీలు కాలిపోతుంటుంది. మీ తుపాకికి కావాల్సింది కాల్చాక చేతి చెమట తుడవడం, అంతే.

పొలంగట్టు కొత్తవాడు:

పాత ఇనుము గారికి చాలా థాంక్స్. గన్‌స్మిత్ దగ్గరికి వెళ్లొచ్చాను. ఛాంబరు 65 మిల్లీమీటర్లే. నేను పెట్టి చూసినవి 70. ఇంటికి వచ్చేదాకా ఆ సంగతే ఆలోచిస్తూ కూర్చున్నాను. గొట్టాలు చారలవి కావు, పొగరాని మందు ముద్ర ఉంది, లోపల బాగున్నాయన్నారు. చెక్క మాత్రం వాళ్ల దగ్గరే ఉంచుకున్నారు. లోపల సన్నటి చీలిక ఉందట, బయటికి కనిపించదు.

ఇంకో సందేహం. మా పొలం చుట్టూ ఎవరూ ఉండరు. అన్నీ సరయ్యాక అక్కడ కాల్చుకోవచ్చా?

పాత ఇనుము:

ఎవరూ ఉండరని మీకు అనిపిస్తుంది. నేను ఇక్కడ తొమ్మిదేళ్లుగా ఉంటున్నాను, ఖాళీ అనుకున్న గట్టు మీద ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు, మేక కోసమో, మోటరు ఆపడానికో. చిన్నదని అందరూ తేలిగ్గా తీసుకునే పాయింట్ ట్వంటీటూ (.22) రైఫిలు గుండు కూడా కిలోమీటరు దాటి పోగలదు. మీ లైసెన్సు ఏం అనుమతిస్తుందో ముందు చదవండి. అనుమతించినా, గుండు ఆగడానికి ఎత్తయిన మట్టికట్ట లేని చోట నేను కాల్చను. నా తుపాకులు నాలుగు రేంజిలోనే కాలుస్తాను, ఐదోది కాల్చనే కాల్చను. అదే ఆ బెల్జియందే. ఎవరూ కొనలేదు, నా దగ్గరే ఉండిపోయింది.

కుందా తిరిగి వచ్చాక మెడ దగ్గర ఫొటో పెట్టండి. చీలికను ఎలా కట్టారో చూడాలని ఉంది.