క్వేకర్ల ఆరాధనలో మౌనానికీ ముందే కుదిర్చిన క్రమానికీ పొత్తు ఎలా కుదురుతుంది?

ప్రశ్న (తార్నాక నుంచి):
సికింద్రాబాదులో మా చర్చి ఆరాధనలో పాట, వాక్యపఠనం, ప్రసంగం, దీవెన వరుసగా సాగుతాయి. మధ్యలో అర నిమిషం నిశ్శబ్దం వచ్చినా జనం తలెత్తి చూస్తారు. క్వేకర్లనే క్రైస్తవ శాఖవారు మౌనంగా ఆరాధిస్తారని చదివాను, కానీ వారిలో కొందరికి పాస్టరూ పాటలూ ఉన్నాయట. ఈ రెండూ ఎలా ఇముడుతాయో తెలిసినవారు దయచేసి వివరించగలరా?

జవాబు (మెహదీపట్నం నుంచి):
17వ శతాబ్దపు ఇంగ్లండులో ఈ శాఖను ప్రారంభించిన జార్జ్ ఫాక్స్ నాటి నుంచి వస్తున్న పద్ధతిలో పాస్టరు ఉండరండి. అందరూ సుమారు గంటసేపు మౌనంగా కూర్చుంటారు. ఎవరికైనా అంతఃప్రేరణ కలిగితే లేచి నాలుగు మాటలు చెప్పి కూర్చుంటారు, ఆ మాట అందరి మనసుల్లో ఇంకేదాకా మరొకరు తొందరపడి లేవరు. చివర కరచాలనంతో ఆరాధన ముగుస్తుంది. 19వ శతాబ్దం చివర అమెరికాలో ఉజ్జీవ సభల (విశ్వాసాన్ని మళ్లీ రగిలించే సభల) ప్రభావంతో అనేక సంఘాల్లోకి పాస్టర్లూ పాటలూ వచ్చాయి, అయినా వాటిలో చాలాచోట్ల కొన్ని నిమిషాలు మౌనానికి కేటాయిస్తారు.

జవాబు (మల్కాజిగిరి నుంచి):
క్వేకర్లు అత్యధికంగా ఉన్న కెన్యాలోనూ పాటలు, ప్రసంగంతో కూడిన ఆరాధనే ఎక్కువ. అక్కడికి 1902లో అమెరికా మిషనరీలు ఆ సంప్రదాయాన్ని తీసుకువెళ్లారు. ఇక రెండింటినీ సమంగా కలిపే సంఘాల్లో ఒక పాట, ఒక వాక్యభాగం, చిన్న సందేశం అయ్యాక మిగతా సమయమంతా మౌనానిదే. నా దృష్టిలో ఇదే మేలైన పద్ధతి, ఎందుకంటే కొత్తగా వచ్చినవారికి ధ్యానించడానికి ఒక మాట చేతికి అందుతుంది. అయితే సందేశం సాగదీస్తే మౌనం నామమాత్రమవుతుంది కనుక, బోధకులు అక్కడ గట్టి నిగ్రహం పాటించాలి.