జెనెటిక్ కౌన్సెలింగ్: తక్కువ ఫీజులో ఎక్కడ చదవాలి?

ప్రశ్న:
బీఎస్సీ జెనెటిక్స్ అయిపోయిందండీ, మాది నల్గొండ. మా అక్కది మేనరికం, బాబుకి తలసీమియా, నెలనెలా రక్తం ఎక్కించాలి, వాడిని చూసినప్పట్నుంచీ జెనెటిక్ కౌన్సెలింగే, అంటే వంశపారంపర్య జబ్బుల గురించి కుటుంబాలకి వివరించి చెప్పే పనే చేయాలనుకున్నా. అమెరికా అంటే ఇల్లు తాకట్టు పెట్టాలి, నాన్నని అడగలేను. ఇక్కడ చదివితే ఉద్యోగం వస్తుందా?

జవాబు 1:
తమ్ముడూ, అమెరికాలో ఏసీజీసీ (అక్కడ ఈ కోర్సులకి గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న కోర్సు చేస్తేనే ఏబీజీసీ (కౌన్సెలర్లకి సర్టిఫికేషన్ ఇచ్చే బోర్డు) పరీక్ష రాయనిస్తారు. గుర్తింపు లేనిది చవగ్గా వస్తుందని చేరావో, డబ్బూ పోతుంది రెండేళ్లూ పోతాయి.

జవాబు 2:
నేను ఇక్కడే చదివి హైదరాబాద్‌లో చేస్తున్నా. మణిపాల్‌లో ఎమ్మెస్సీ ఉంది చూడు. ఎక్కడైనా సరే ఫీజు ఒక్కటే చూడకు, ఓపీలో కేసులు నీ చేత చూయిస్తారా, పోయిన బ్యాచ్ వాళ్లు ఎక్కడ చేస్తున్నారు అని సీనియర్లకి ఫోన్ చేసి అడుగు. తర్వాత బోర్డ్ ఆఫ్ జెనెటిక్ కౌన్సెలింగ్ ఇండియా సర్టిఫికేషన్ తెచ్చుకో. ఉద్యోగాలు టెస్టింగ్ ల్యాబుల్లో, ఐవీఎఫ్ సెంటర్లలో, క్యాన్సర్ హాస్పిటళ్లలో ఉంటాయి, మొదట్లో జీతం తక్కువే, దానికి సిద్ధపడే రా.

మొన్న ఒక కుటుంబానికి వంశవృక్షం గీశాను, మగవాళ్లకి చతురస్రం, ఆడవాళ్లకి గుండ్రం, మేనరికానికి జంట గీత. తలసీమియా లాంటి జబ్బుకి అమ్మానాన్నలిద్దరూ క్యారియర్లయితే, అంటే తమకి జబ్బు లేకపోయినా దాని జన్యువు మోస్తుంటే, ప్రతి కాన్పులో బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం 25 శాతం ఉంటుందని చెప్తే, అత్తగారు ఆ గీతల మీద వేలు పెట్టి "అయితే తప్పు నా కోడలిది కాదన్నమాట" అన్నారు. ఆ పిల్ల ఏడ్చేసింది.

ప్రశ్న అడిగినవారు:
అక్కా, మా ఇంట్లో కూడా అందరూ మా అక్కనే అంటారు. రేపే సీనియర్లకి ఫోన్ చేస్తా.