లింకన్ విమోచన ప్రకటన అంత ఆలస్యం ఎందుకయింది?

ప్రశ్న: బానిసత్వాన్ని ద్వేషించిన అమెరికా అధ్యక్షుడు లింకన్, దక్షిణాది రాష్ట్రాల తిరుగుబాటుతో అంతర్యుద్ధం సాగుతుండగా, 1862 జూలై 22న బానిసలకు స్వేచ్ఛనిచ్చే విమోచన ప్రకటన ముసాయిదాను మంత్రివర్గానికి చదివి వినిపించి కూడా, వెంటనే ఎందుకు వెలువరించలేదో ఎవరైనా వివరించగలరా?

జవాబు: యుద్ధంలో ప్రభుత్వ సేనల ఓటముల నడుమ ప్రకటిస్తే గత్యంతరం లేక చేసిన పనిగా కనిపిస్తుందని విదేశాంగ మంత్రి సీవార్డ్ హెచ్చరించారండి. సెప్టెంబరు 17న జరిగిన యాంటీటమ్ యుద్ధం తరువాత తిరుగుబాటుదారుల సేనాని లీ సైన్యం వెనుదిరగడంతో, 22న తొలి ప్రకటన వెలువడింది.

మరో జవాబు: అసలు చిక్కు సరిహద్దు రాష్ట్రాలది, అంటే బానిసత్వం ఉన్నా తిరుగుబాటులో చేరని రాష్ట్రాలది. కెంటకీ, మిస్సోరీ వంటివి చేజారకూడదని, సర్వసేనానిగా తనకున్న అధికారంతో 1863 జనవరి 1న ఇచ్చిన ఉత్తర్వును ఆయన తిరుగుబాటు ప్రాంతాలకే పరిమితం చేశారు. ఆ లోగా జరిగిన ఎన్నికలలో ఆయన పార్టీ ప్రతినిధుల సభలో చాలా స్థానాలు కోల్పోయింది. అయినా వెనక్కి తగ్గకపోవడమే నాకు గొప్పగా తోస్తుంది.

ప్రశ్న అడిగినవారు: మరి కెంటకీ బానిసల మాటేమిటండీ?

జవాబు: సైన్యంలో చేరినవారు ముందే విముక్తులయ్యారు, మిగిలినవారిలో చాలామంది 1865 డిసెంబరులో బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ రాజ్యాంగ సవరణ వచ్చేదాకా ఆగవలసి వచ్చింది.