క్లోన్ పూర్తయింది, కానీ సీ డ్రైవ్ పెరగలేదు: కొత్త ఎస్‌ఎస్‌డీలో మిగిలిన చోటును కలుపుకోవడం ఎలా?

ప్రశ్న

నమస్కారం. నా ల్యాప్‌టాప్‌లోని 256 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే నిల్వ డ్రైవ్) దాదాపు నిండిపోవడంతో 1 టీబీ ఎస్‌ఎస్‌డీ తీసుకున్నాను. దాన్ని బిగించే ఎం.2 స్లాట్ ఒక్కటే ఉన్నందువల్ల కొత్త డ్రైవ్‌ను యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో పెట్టి, క్లోనింగ్ సాఫ్ట్‌వేర్‌తో పాత డ్రైవ్ మొత్తాన్ని దానిలోకి కాపీ చేసి, ఆ తరువాత కొత్తదాన్ని లోపల బిగించాను. విండోస్ 11 ఏ ఇబ్బందీ లేకుండా మొదలైంది. నా ఫైళ్లు, ప్రోగ్రాములు అన్నీ ఉన్నాయి. అయితే సీ డ్రైవ్ ఇప్పటికీ 237 జీబీ అనే చూపిస్తోంది. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే వరుసగా 100 ఎంబీ ఈఎఫ్ఐ పార్టిషన్ (కంప్యూటర్ మొదలవడానికి కావలసిన ఫైళ్లుండే డిస్క్ భాగం), సీ డ్రైవ్, సుమారు 700 ఎంబీ రికవరీ పార్టిషన్ (విండోస్‌ను బాగుచేసే సాధనాలుండే భాగం), చివర 'అన్‌అలొకేటెడ్' (ఏ భాగానికీ కేటాయించని చోటు) అని 693 జీబీ ఉన్నాయి. సీ మీద రైట్ క్లిక్ చేస్తే 'ఎక్స్‌టెండ్ వాల్యూమ్' అన్న మాట మసకగా ఉండి నొక్కడానికి వీలు కావడం లేదు. క్లోనింగ్‌లో నేనేదైనా తప్పు చేశానా? ఇంకొక చిన్న సందేహం: 1 టీబీ డ్రైవ్ మొత్తం కలిపి 931 జీబీ మాత్రమే ఎందుకు చూపిస్తోంది?

మొదటి సమాధానం

మీరు తప్పేమీ చేయలేదు. విండోస్ సవ్యంగా మొదలైందంటే కష్టమైన భాగం అయిపోయినట్టే. ముందుగా చిన్న సందేహం తీరుస్తాను. డ్రైవ్ తయారీదారులు టీబీ అంటే 1,00,000 కోట్ల బైట్లు అని లెక్కిస్తారు. విండోస్ మాత్రం 1024 చొప్పున భాగించుకుంటూ వచ్చి దాన్నే 931 జీబీగా చూపిస్తుంది. మీ పాత 256 జీబీ డ్రైవ్ 238 జీబీగా కనిపించిందీ అందుకే. 931 నుంచి 238 తీసేస్తే మిగిలేది మీకు చివర కనిపిస్తున్న 693 జీబీ. అంటే ఒక్క బైటు కూడా ఎక్కడికీ పోలేదు.

ఇక అసలు విషయం. విండోస్‌లోని ఎక్స్‌టెండ్ సదుపాయం ఒక పార్టిషన్‌ను దానికి కుడివైపున, ఆనుకుని ఉన్న ఖాళీలోకి మాత్రమే పెంచగలదు. మీ డ్రైవ్‌లో సీకీ ఖాళీ చోటుకీ మధ్య రికవరీ పార్టిషన్ గోడలా నిలబడి ఉంది. విండోస్ కొత్తగా స్థాపించినప్పుడు రికవరీ పార్టిషన్‌ను సీ తరువాతే పెడుతుంది. క్లోనింగ్ సాఫ్ట్‌వేర్ పాత డ్రైవ్‌లోని అమరికను ఉన్నదున్నట్టుగా దించింది కనుక, మిగులు చోటంతా ఆ గోడ అవతల పడింది. ఈఎఫ్ఐకీ సీకీ నడుమ 16 ఎంబీల మరో చిన్న పార్టిషన్ కూడా ఉంటుంది. దాన్ని డిస్క్ మేనేజ్‌మెంట్ చూపించదు కానీ ఇతర పరికరాలు చూపిస్తాయి. వాటిలో అది కనబడితే కంగారుపడి తొలగించకండి.

మీ ముందు రెండు దారులున్నాయి. పాత డ్రైవ్ ఇంకా చెక్కుచెదరకుండా మీ దగ్గరే ఉంది కాబట్టి, మీ సాఫ్ట్‌వేర్‌లో గమ్యస్థాన డ్రైవ్‌లోని పార్టిషన్ల పరిమాణాన్ని ముందే మార్చుకునే వీలుంటే, రికవరీని చివరికి జరిపి, సీని మధ్యలో విస్తరించి మళ్లీ క్లోన్ చేయవచ్చు. ఇంకా క్లోన్ చేయని వారికి నేను చెప్పే దారి ఇదే. కానీ మీది ఇప్పటికే నడుస్తోంది. డ్రైవ్‌ను మళ్లీ ఊడదీసి బిగించడం కంటే, రికవరీ పార్టిషన్‌ను ఉన్నచోటి నుంచి కుడి అంచుకు జరపడం సులువు. ఆ పనికి జీపార్టెడ్ లైవ్ అనే ఉచిత పరికరం చాలు. దాన్ని ఒక పెన్‌డ్రైవ్‌లోకి రాసి, కంప్యూటర్‌ను ఆ పెన్‌డ్రైవ్ నుంచి మొదలుపెట్టాలి.

పెన్‌డ్రైవ్ దాకా వెళ్లకముందే విండోస్‌లో చేయవలసిన పనులున్నాయి, వీటిని దాటవేయవద్దు. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి రికవరీ వ్యవస్థను ఆన్, ఆఫ్ చేసే రీఏజెంట్‌సీ ఆదేశాన్ని 'డిసేబుల్' ఎంపికతో నడపండి. రికవరీ వ్యవస్థ ఎక్కడ ఉందన్న సంగతిని విండోస్ ఆ పార్టిషన్ డిస్క్‌లో ఎక్కడ మొదలవుతుందన్న లెక్కతో సహా రాసి పెట్టుకుంటుంది కనుక, చెప్పకుండా జరిపితే ఆ తరువాత దాన్ని వెతుక్కోలేదు. డిసేబుల్ చేసినప్పుడు రికవరీ ఫైలు తాత్కాలికంగా సీ డ్రైవ్‌లోని సిస్టమ్ ఫోల్డర్‌లోకి చేరుతుంది. తరువాత 'ఎనేబుల్' చేస్తే కొత్త చోటికి తిరిగి వెళుతుంది. ఆ పిమ్మట షిఫ్ట్ కీని నొక్కి పట్టుకుని షట్‌డౌన్ ఎంచుకోండి. ఫాస్ట్ స్టార్టప్ ఉన్న కంప్యూటర్లలో మామూలు షట్‌డౌన్ నిజానికి సగం నిద్ర మాత్రమే. ఆ స్థితిలో డిస్క్ వివరాలు విండోస్ జ్ఞాపకంలో భద్రంగా ఉంటాయి, మనం బయటి నుంచి పార్టిషన్లు మారిస్తే రెండు లెక్కలూ పొసగవు.

జీపార్టెడ్‌లో పై మూలన సరైన డిస్క్ ఎంచుకున్నారో లేదో పరిమాణాన్ని బట్టి రెండుసార్లు చూసుకోండి. రికవరీ పార్టిషన్‌ను ఎంచుకుని 'రీసైజ్/మూవ్' నొక్కి, దాన్ని మొత్తంగా కుడి అంచుకు లాగండి. అదే కిటికీలో దాని పరిమాణాన్ని 1024 ఎంబీకి పెంచుకోవడం మంచిది. 2024 జనవరిలో విండోస్ 10కు వచ్చిన ఒక భద్రతా నవీకరణ, రికవరీ పార్టిషన్‌లో చోటు చాలక ఎన్నో కంప్యూటర్లలో ఆగిపోయింది. అప్పుడు దాన్ని 250 ఎంబీ మేర పెంచుకోమని మైక్రోసాఫ్టే సూచించింది. మీకు 693 జీబీ చేతిలో ఉండగా ఈ కాస్త దగ్గర పొదుపు చేయనవసరం లేదు. 'అప్లై' నొక్కే ముందు, పార్టిషన్‌ను జరిపితే కంప్యూటర్ మొదలు కాకపోవచ్చని ఒక హెచ్చరిక వస్తుంది. అది ఆపరేటింగ్ సిస్టమ్‌ను మొదలుపెట్టే పార్టిషన్లను జరిపే వారి కోసం. మీరు ఈఎఫ్ఐనీ సీనీ ముట్టుకోవడం లేదు కాబట్టి ముందుకు వెళ్లవచ్చు.

తిరిగి విండోస్‌లోకి వచ్చాక డిస్క్ మేనేజ్‌మెంట్‌లో 'ఎక్స్‌టెండ్ వాల్యూమ్' వెలుగుతూ కనిపిస్తుంది. సీని పెంచే పనిని జీపార్టెడ్‌తో కాకుండా విండోస్‌తోనే చేయించండి. చివరగా రీఏజెంట్‌సీని 'ఎనేబుల్' ఎంపికతోనూ, ఆపైన 'ఇన్‌ఫో' ఎంపికతోనూ నడిపి, స్థితి 'ఎనేబుల్డ్' అని, చోటు దగ్గర రికవరీ పార్టిషన్ సంఖ్య ఉందని సరిచూసుకోండి.

మరొక సభ్యుని సూచన

ఇంత శ్రమ దేనికండీ? డిస్క్‌పార్ట్ అనే విండోస్ ఆదేశ పరికరంలో ఆ రికవరీ పార్టిషన్‌ను 'డిలీట్ పార్టిషన్ ఓవర్‌రైడ్' ఆదేశంతో తొలగిస్తే రెండు నిమిషాల్లో సీని పెంచుకోవచ్చు. నేను అలాగే చేశాను, ఇంతవరకు ఏ లోటూ రాలేదు.

మొదటి సమాధానకర్త

మీరు చెప్పినది పనిచేస్తుందన్న మాట నిజమే, కానీ ప్రశ్నించినవారికి ఆ దారి చూపించడానికి నాకు మనసొప్పదు. రికవరీ వ్యవస్థ లేని లోటు కంప్యూటర్ బాగున్నన్ని రోజులూ తెలియదు. ఏదో ఒక నవీకరణ మధ్యలో ఆగి విండోస్ మొదలు కాని రోజున, స్టార్టప్ రిపేర్, కమాండ్ ప్రాంప్ట్, సేఫ్ మోడ్ ఎంపికలు తెరుచుకునేది అక్కడి నుంచే. అప్పుడు పెన్‌డ్రైవ్ తయారు చేసుకోవడానికి ఇంకొక కంప్యూటర్ వెతుక్కోవలసి వస్తుంది. పైగా ఆ ఆదేశంలో 'ఓవర్‌రైడ్' అన్న మాట రక్షణను పక్కకు తోసేస్తుంది. పార్టిషన్ సంఖ్య ఒకటి తప్పుగా ఎంచుకుంటే అదే ఆదేశం ఈఎఫ్ఐని కూడా అంతే నిశ్శబ్దంగా తొలగిస్తుంది.

ప్రశ్నించినవారు

వివరంగా చెప్పినందుకు కృతజ్ఞతలు. మొదలుపెట్టబోతూ ఒకటి గమనించాను. సీ డ్రైవ్ బొమ్మ మీద చిన్న తాళం గుర్తు ఉంది. నేను ఎన్నడూ ఎన్‌క్రిప్షన్ పెట్టుకోలేదు. ఇది అడ్డు వస్తుందా?

మొదటి సమాధానకర్త

మీరు అడగడం మంచిదైంది. అది బిట్‌లాకర్, అంటే డ్రైవ్‌లోని సమాచారానికి తాళం వేసే విండోస్ ఎన్‌క్రిప్షన్ సదుపాయం. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయిన చాలా ల్యాప్‌టాప్‌లలో డివైస్ ఎన్‌క్రిప్షన్ అనే పేరుతో అది తనంతట తానే మొదలవుతుంది. దాని తాళం మదర్‌బోర్డులోని, తాళాలను భద్రపరిచే టీపీఎం చిప్‌తో ముడిపడి ఉంటుంది. పెన్‌డ్రైవ్ నుంచి మొదలుపెట్టడానికి సెక్యూర్ బూట్ (నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌నే మొదలవనిచ్చే రక్షణ) అమరికనో బూట్ వరుసనో మార్చినప్పుడు, ఏదో మారిందని గ్రహించి 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఆ కీ లేకపోతే మీ సమాచారాన్ని ఎవరూ తెరవలేరు. కాబట్టి ముందుగా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో భద్రమై ఉన్న ఆ కీని తెరిచి, కాగితం మీద రాసుకుని, తెర మీద కనిపించే కీ ఐడీతో సరిపోల్చండి. ఈ కంప్యూటర్‌లోనే ఫైలుగా దాచుకుంటే అవసరమైన రోజున చేతికి రాదు. ఆ తరువాత బిట్‌లాకర్ రక్షణను తాత్కాలికంగా నిలిపివేసి పని మొదలుపెట్టండి. డ్రైవ్ మొత్తాన్ని డీక్రిప్ట్ చేయవలసిన అవసరం లేదు, ఎందుకంటే మనం జరుపుతున్నది సీని కాదు.

ఇంకా క్లోన్ చేయని వారు ఇక్కడ ఒక తేడా గమనించాలి. విండోస్ లోపల నడిచే క్లోనింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచి ఉన్న సీని చదువుతుంది కనుక, కొత్త డ్రైవ్‌లోని కాపీకి సాధారణంగా ఎన్‌క్రిప్షన్ ఉండదు, దాన్ని తరువాత మళ్లీ ఆన్ చేసుకోవాలి. పెన్‌డ్రైవ్ నుంచి నడిచే క్లోన్‌జిల్లా వంటి క్లోనింగ్ పరికరాలు బయటి నుంచి చదువుతాయి కనుక, తాళం వేసి ఉన్న సీ వాటికి అర్థం లేని అంకెల గుంపులా కనిపించి, ఖాళీ చోటుతో సహా ప్రతి సెక్టారునూ కాపీ చేయవలసి వస్తుంది.

మరొక సభ్యుని ప్రశ్న

ఈ చర్చలోనే అడుగుతున్నందుకు మన్నించండి. నేను డెస్క్‌టాప్‌లో సాటా (పాత రకం, కేబుల్‌తో తగిలించే) ఎస్‌ఎస్‌డీ నుంచి ఎన్‌వీఎంఈకి క్లోన్ చేశాను. కొత్తదానితో మొదలుపెడితే 'ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్' అని నీలి తెర వస్తోంది. పాతదానితో అయితే బాగానే నడుస్తోంది.

మొదటి సమాధానకర్త

మన్నింపులు అక్కరలేదు, ఇదీ ఈ విషయంలో భాగమే. మీ పాత విండోస్ ఇంతవరకు సాటా డ్రైవ్ నుంచే మొదలవుతూ వచ్చింది. ఎన్‌వీఎంఈ డ్రైవర్ విండోస్‌లో ఉన్నా, బూట్ సమయంలోనే దాన్ని తెరవాలన్న సూచన అందులో లేదు. అందువల్ల తాను నిలబడి ఉన్న డిస్క్‌నే చూడలేక ఆగిపోతోంది. మీ బోర్డులో రెండు డ్రైవ్‌లకూ చోటుంది కాబట్టి, ఎన్‌వీఎంఈని లోపల బిగించి ఉంచి, పాత డ్రైవ్‌తో విండోస్ మొదలుపెట్టండి. డివైస్ మేనేజర్‌లో కొత్త డ్రైవ్ కనిపించాక, ఎంఎస్‌కాన్ఫిగ్ అనే విండోస్ అమరికల పరికరంలో సేఫ్ బూట్ గుర్తు పెట్టి, కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయకుండానే మళ్లీ క్లోన్ చేయండి. క్లోన్ కాపీ తొలిసారి సేఫ్ మోడ్‌లో మొదలై అవసరమైన డ్రైవర్లను తెరుచుకుంటుంది. ఆపైన ఆ గుర్తు తీసేస్తే మామూలుగా నడుస్తుంది. ఆ తొలి ప్రయత్నంలో పాత డ్రైవ్ కేబుల్ తీసి ఉంచడం మరవకండి. రెండు డ్రైవ్‌లూ ఉండగా మొదలుపెట్టిన ఒక కంప్యూటర్‌లో, కొత్త డ్రైవ్ నడుస్తోందనుకుని నేను రెండు రోజులు పని చేసుకున్నాను. తీరా చూస్తే మార్పులన్నీ పాతదానిలోనే పడ్డాయి, క్లోన్ మళ్లీ మొదటి నుంచి చేయవలసి వచ్చింది.

పాత డ్రైవ్ ఎంబీఆర్ అనే పాత పార్టిషన్ పద్ధతిలో ఉందేమో కూడా చూసుకోండి. ఎన్‌వీఎంఈ నుంచి మొదలవ్వాలంటే సాధారణంగా యూఈఎఫ్ఐ (కొత్త తరహా బూట్ వ్యవస్థ), జీపీటీ (కొత్త పార్టిషన్ పద్ధతి) రెండూ కావాలి. ఎంబీఆర్ అయితే 2 టీబీకి మించిన చోటును వాడుకోనూలేదు. 2017లో వచ్చిన విండోస్ 10 1703 వెర్షన్ నుంచి ఎంబీఆర్‌ను జీపీటీగా మార్చే ఎంబీఆర్2జీపీటీ అనే ఉపకరణం విండోస్‌తోనే వస్తోంది. ముందు 'వ్యాలిడేట్' ఎంపికతో నడిపి, అది సరేనన్నాకే మార్పిడి చేయండి.

ప్రశ్నించినవారు

పని పూర్తయింది. బిట్‌లాకర్ కీ ఒకసారి అడిగింది, కాగితం మీద రాసుకుని ఉండటం వల్ల వెంటనే ఇవ్వగలిగాను. రికవరీ పార్టిషన్ జరగడానికి ఒక నిమిషం కూడా పట్టలేదు. సీ ఇప్పుడు 930 జీబీ. రీఏజెంట్‌సీ 'ఎనేబుల్డ్' అని, నాలుగో పార్టిషన్ అని చూపిస్తోంది. బిట్‌లాకర్ రక్షణను కూడా తిరిగి ఆన్ చేశాను. ఇక పాత డ్రైవ్‌ను ఎన్‌క్లోజర్‌లో పెట్టి ఫార్మాట్ చేసి, ఫైళ్లు దాచుకోవడానికి వాడుకోవచ్చా?

మొదటి సమాధానకర్త

చాలా సంతోషం. పాత డ్రైవ్‌ను మాత్రం కొన్ని వారాలు అలాగే పక్కన పెట్టండి. కనీసం ఒక నెలవారీ విండోస్ నవీకరణ కొత్త డ్రైవ్ మీద సవ్యంగా జరిగి, నిద్ర నుంచి మేల్కోవడం, మీరు రోజూ వాడే ప్రోగ్రాములు అన్నీ సరిగ్గా ఉన్నాయని తెలిసేదాకా, మీ దగ్గరున్న అన్నిటికన్నా నమ్మదగిన బ్యాకప్ అదే. ఈలోగా కమాండ్ ప్రాంప్ట్‌లో ఎఫ్ఎస్‌యూటిల్ ఆదేశం ద్వారా 'డిసేబుల్ డిలీట్ నోటిఫై' విలువ చూడండి. అది 0 అయితే ట్రిమ్ (తొలగించిన ఫైళ్ల చోటు ఖాళీ అయిందని ఎస్‌ఎస్‌డీకి తెలిపే ఏర్పాటు) పనిచేస్తున్నట్టే.

తరువాత దాన్ని యూఎస్‌బీకి తగిలించినప్పుడు డిస్క్ మేనేజ్‌మెంట్‌లో 'ఆఫ్‌లైన్' అని, సిగ్నేచర్ కొలిజన్ అని కనిపిస్తే డ్రైవ్ చెడిపోయిందనుకోకండి. కొన్ని సాఫ్ట్‌వేర్‌లు డిస్క్ గుర్తింపును కూడా కాపీ చేస్తాయి, ఒకే గుర్తింపు గల రెండు డిస్క్‌లను విండోస్ ఒకేసారి ఒప్పుకోదు. అప్పుడు డిస్క్‌పార్ట్‌లో 'లిస్ట్ డిస్క్' చూసి, 238 జీబీ ఉన్నదాన్ని ఎంచుకుని, ఎంపికైనది అదేనని 'డీటెయిల్ డిస్క్'తో మోడల్ పేరు కూడా చదివి రూఢి చేసుకున్నాకే, డిస్క్‌లోని పార్టిషన్లన్నిటినీ తుడిచేసే 'క్లీన్' ఆదేశం ఇవ్వండి.