లూయిస్ మిగెల్ 'రొమాన్స్' బొలేరోను బతికించిందా, నునుపు చేసి చెడగొట్టిందా?

రాత్రి రేడియో:
"పాతవాళ్ల పాటలు తీసుకుని లూయిస్ మిగెల్ డబ్బు చేసుకున్నాడు, బొలేరోకు అతను చేసిందేమీ లేదు" అని నిన్న ఇక్కడ ఒకరు రాశారు. నేను ఒప్పుకోను. బొలేరో అంటే నెమ్మదిగా సాగే లాటిన్ అమెరికా ప్రేమపాట. 1991 నవంబరులో 'రొమాన్స్' ఆల్బం వచ్చేనాటికి ఈ మెక్సికో గాయకుడికి 21 ఏళ్లు. పదకొండేళ్లకే తొలి ఆల్బం చేసి, టీనేజ్ అమ్మాయిల గదుల్లో పోస్టరుగా వేలాడిన కుర్రాడు. అంతకు ముందు ఏడాదే '20 ఆన్యోస్' అనే పాప్ ఆల్బం బాగా అమ్ముడైంది. అలాంటిదే ఇంకొకటి చేస్తే ఎవరూ కాదనేవారు కాదు. అతనేమో పన్నెండు బొలేరోలు ఎంచుకున్నాడు. అందులో 'ఇనోల్విదాబ్లే' 1944 నాటి క్యూబా పాట. అప్పటికి ఆ పాటలంటే కుర్రకారుకు అమ్మమ్మల రేడియో సంగతే. ఆల్బం 70 లక్షల కాపీలకు పైగా అమ్ముడైంది. అన్నీ అమ్మమ్మలే కొన్నారంటారా?

తీగల మోత:
అమ్మకాల గురించి నాకు పేచీ లేదండి. నా బాధ వేరు. లోస్ పాంచోస్ విన్నారా? 1944లో న్యూయార్క్‌లో మొదలైన ముగ్గురి జట్టు. మూడు గొంతులు, గిటార్లు, పైన రెక్వింటో అనే చిన్న గిటారు పలికే సన్నటి తీగ. ఎవరో పక్కన కూర్చుని చెవిలో చెప్తున్నట్టు ఉంటుంది. చిలీ గాయకుడు లూచో గతికా 'లా బార్కా' పాడితే మాటకూ మాటకూ మధ్య ఊపిరి వినిపిస్తుంది. 'రొమాన్స్'లో ఆ ఖాళీ ఏది? వాద్యాలు కూర్చిన బెబు సిల్వెత్తి వయొలిన్లు వచ్చి నింపేస్తాయి. విడిపోయిన వాడి పాట, ఎదురుచూసే వాడి పాట, రెండూ ఒకే పట్టు చీర కట్టుకున్నట్టుంటాయి. పైగా 1994, 1997, 2001లో వరసగా ఇదే పద్ధతిలో ఇంకో మూడు ఆల్బంలు. ఇప్పుడు చాలామందికి బొలేరో అంటే ఈ వయొలిన్లే.

డాలస్ తెలుగు:
ఇద్దరికీ ఒక సంగతి చెప్తాను. నాతో పనిచేసే మెక్సికో అబ్బాయి వాళ్లింటికి భోజనానికి వెళ్లాను. వంటింట్లో ఈ ఆల్బంలోని 'లా బార్కా' మోగుతోంది. వాళ్లమ్మగారు రొట్టెలు కాలుస్తూ కూడా పాడుతున్నారు. మధ్యలో ఆగి, "మా నాన్న దీన్ని ఇంకా నెమ్మదిగా పాడేవాడు" అని, ఆ నెమ్మదిలోనే మళ్లీ మొదలుపెట్టారు. కొడుకు ఒక్క మాట తప్పకుండా అందుకున్నాడు. తాతను అతను చూడనే లేదు. పాటలన్నీ లూయిస్ మిగెల్ దగ్గరే నేర్చుకున్నాడట. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

రాత్రి రేడియో:
నేను అంటున్నదీ అదేనండి. వయొలిన్లు కొన్నిచోట్ల ఎక్కువయ్యాయి, నిజమే. 'తీగల మోత' గారూ, ఒక్కటి మరిచిపోతున్నారు. ఆ ఆల్బం చేయడంలో పక్కన నిలబడింది అర్మాందో మన్సానెరో. ఆ ఆల్బంలోనే ఉన్న 'తె ఎస్ట్రాన్యో' అనే బొలేరో రాసిన మనిషి. బొలేరో రుచి ఆయనకంటే ఎవరికి తెలుసు? అందులోని 'నో సే తూ' కూడా ఆయనదే, అదీ 1986 నాటిది. అంటే బొలేరోలు అప్పటికీ పుడుతూనే ఉన్నాయి, వినేవాళ్లే తగ్గారు. ఆ పాటలో లూయిస్ మిగెల్ మొదటి పంక్తులు ఎంత కిందిగా, ఎంత ఓపికగా పాడతాడో వినండి. గొంతు చూపించుకోవాలనుకునే 21 ఏళ్ల వాడు అలా పాడడు.

తీగల మోత:
మన్సానెరో మాట ఒప్పుకుంటాను. ఆ పంక్తులూ ఒప్పుకుంటాను. 'లా బార్కా' మాత్రం ఇవ్వను, అది గతికాదే. 2023లో యునెస్కో బొలేరోను క్యూబా, మెక్సికోల వారసత్వంగా గుర్తించినప్పుడు నా మనసులో మోగింది రెక్వింటోనే. డాలస్ తెలుగు గారూ, ఆ అమ్మగారి నాన్న ఏ ఊళ్లో పాడేవారో, గిటారుతోనా, ఉత్త గొంతుతోనా, వీలైతే అడిగి చెప్పండి.